రెండో సీజన్, వయసుల పట్టిక

మస్కట్‌లో ఐస్ హాకీ ఆడేవారంటే మా వైపు వాళ్లెవరూ నమ్మరు. ఆడేవారు. పెద్ద రోడ్డు పక్కన, బయటినుంచి చూస్తే గోడౌనులా కనిపించే భవనంలో ఒక మంచు రింకు ఉండేది. తొంభై ఒకటి అక్టోబరులో అక్కడ పిల్లల లీగు మొదలైంది. నాలుగు జట్లు, జట్టుకు పదిమంది. నేను రాస్తున్నది రెండో సీజన్ గురించి, అంటే తొంభై రెండు అక్టోబరు నుంచి తొంభై మూడు ఫిబ్రవరి దాకా. మొదటి సీజన్ కాగితాలు నా దగ్గర సగమే మిగిలాయి. రెండోదానివి అన్నీ ఉన్నాయి.

లీగు పెట్టింది ఆయిల్ కంపెనీలో పనిచేసే ఒక కెనడా ఇంజనీరు. యాభై దాటిన మనిషి. వాళ్ల ఊరి వైపు జూనియర్ లీగు పుట్టిన కొత్తలో, పదిహేడేళ్ల వయసులో అందులో ఆడాడట. నాలుగైదు గంటలు మంచులో బస్సులో పోయి ఆడి, మళ్లీ అదే బస్సులో తిరిగొచ్చేవారట. సీజన్ మధ్యలో ఒక జట్టు చేతులెత్తేస్తే పట్టిక అంతా తిరగరాశారట. పంతొమ్మిదేళ్లని పేరు రాయించుకున్న ఒక గోల్‌కీపర్ ఆట చూడటానికి భార్యా ఇద్దరు పిల్లలూ వచ్చేవారని చెప్పి ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు వెనక ఇంకా కోపం ఉండేది. ఆ గోల్‌కీపర్ ఈయన జట్టు మీదే గెలిచాడు మరి.

నేను అప్పట్లో భారతీయ పిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. మా వారి ఆఫీసు అల్ ఖువైర్‌లో. మా అమ్మాయి స్కేటింగ్ నేర్చుకుంటానని వెళ్లి, గోల్‌కీపర్ అయి కూర్చుంది. పాప లోపల ఆడుతుంటే నేను చీర మీద మా వారి స్వెటరు వేసుకుని, చెప్పుల్లో మేజోళ్లు తొడుక్కుని, గోల్స్ ఏ నిమిషంలో పడ్డాయో నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఒక శుక్రవారం కెనడా ఆయన లెక్కా నా లెక్కా సరిపోలలేదు. నాదే సరైనదని తేలాక బల్ల, స్టాప్‌వాచీ, స్కోరు కాగితాలు అన్నీ నాకు అప్పగించాడు.

మొదటి సీజన్ చివర్లో ఒక పెద్ద పిల్లాడు చిన్నవాణ్ని గోడకేసి గుద్దితే వాడి మెడ ఎముక విరిగింది. అందుకే రెండో సీజన్‌కు వయసు నియమం వచ్చింది. అక్టోబరు ఒకటికి పదిహేనేళ్లు నిండినవాళ్లు ఆడకూడదు. పాస్‌పోర్టులు చూసి పట్టిక తయారుచేసే పని నాది. ప్రతి మ్యాచ్ కాగితం అడుగున ‘వయసులు సరిచూశాను’ అని నా సంతకం ఉండాలి.

రింకులో మంచును నిలబెట్టేవాడు మన తెలుగువాడే. నిజామాబాద్ వైపు మనిషి, కూలింగ్ మెకానిక్. మధ్యాహ్నం ఎండకు యంత్రాలు మొరాయిస్తే ఆ చప్పుడు వింటూనే ఎక్కడ లోపముందో చెప్పేవాడు. ఆటకూ ఆటకూ మధ్య మంచు మీద వేడినీళ్లు పోసి నున్నగా చేసేవాడు. వేడినీళ్లేమిటని అడిగితే, చన్నీళ్లకంటే అవే గట్టిగా, సాఫుగా పేరుకుంటాయని చెప్పాడు. కంపెనీ ఫ్యామిలీ వీసా ఇచ్చింది కాబట్టి భార్య, కొడుకు రింకు వెనక రూములోనే ఉండేవారు. తలుపులు తెరవకముందే రోజూ గంట సేపు మంచు మీద తిరిగే ఆ పిల్లవాడి ముందు కెనడా పిల్లలు కూడా నిలవలేకపోయేవారు. మొదటి సీజన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ వాడివే.

వాడి పాస్‌పోర్టులో పుట్టిన తేదీ డెబ్భై ఏడు జూన్ ఒకటి. నియమం ప్రకారం నాలుగు నెలలు ఎక్కువ. పేరు కొట్టేశాను.

మర్నాడు వాళ్ల అమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. చదువు రాని మనిషి, మెల్లగా మాట్లాడేది.

“టీచరమ్మ, మా పోరడు పుట్టింది కార్తీకంల. జూన్‌ల కాదు. అయిదు నిండకుంటె ఒకటోదాంట్ల తీస్కోం అన్నరు, గందుకే బడిల సారు గట్ల రాసిండు.”

ఆవిడ చెప్పింది నిజమేనని నాకు వెంటనే తెలిసింది. నేను చదువు చెప్పిన ప్రతి తరగతిలోనూ జూన్ ఒకటిన పుట్టిన పిల్లలు నలుగురైదుగురు ఉండేవారు. అందరూ ఒకే రోజు ఎలా పుడతారు? అయినా పాస్‌పోర్టులో ఏ తేదీ ఉంటే అదే లెక్క అన్నాను. ఒకరికి మారిస్తే నలభై మందికీ మార్చాల్సి వస్తుందన్నాను. ఆవిడ, నాకంటే తనకు ఎక్కువ తెలియదు కదా అన్నట్టు తల ఊపి వెళ్లిపోయింది. వేరే ఆధారం ఏమైనా ఉందా అని నేను అడగలేదు.

అదే పట్టికలో పదకొండో వరసలో మా అమ్మాయి పేరు ఉంది. పాస్‌పోర్టులో డెబ్భై ఏడు డిసెంబరు అయిదు. నిజానికి పుట్టింది అదే ఏడు ఫిబ్రవరి అయిదు, పొద్దున ఆరుంబావుకు. బడిలో చేర్చే రోజున నేను పరీక్ష పేపర్లు దిద్దడానికి వేరే ఊరు వెళ్లాను. మా మామగారు పాపను తీసుకెళ్లి చేర్పించారు. పది నెలలు తగ్గించి రాయించారు. ముందు ముందు ఉద్యోగానికి కలిసొస్తుందన్నారు. పెద్దాయనకు ఎదురు చెప్పలేక ఊరుకున్నాను. బడి రికార్డు నుంచి పాస్‌పోర్టుకు, పాస్‌పోర్టు నుంచి వీసాకు ఆ డిసెంబరు అయిదు పాకింది. లీగు పట్టికలో అది రాసేటప్పుడు నా చెయ్యి ఆగింది. ఆగి, రాసింది. అక్టోబరు ఒకటికి దాని అసలు వయసు పదిహేనేళ్ల ఏడు నెలల ఇరవై ఆరు రోజులు. కాగితం వయసు పద్నాలుగేళ్ల తొమ్మిది నెలల ఇరవై ఆరు రోజులు. రెండూ లెక్క కట్టాకే రాశాను. నియమం పాస్‌పోర్టు చూడమంది, చూశాను అని నాకు నేను చెప్పుకున్నాను.

సీజన్ బాగా సాగింది. ఒక్కో జట్టుకు పన్నెండు మ్యాచ్‌లు. మా అమ్మాయి పన్నెండింటిలో ఎదుటివాళ్లకు ఇరవై ఒక్క గోల్స్ మాత్రమే ఇచ్చింది, అంటే మ్యాచ్‌కు ఒకటీ ముప్పావు. ఆ లీగులో అంతకంటే మంచి గోల్‌కీపర్ లేదు. వాళ్ల జట్టు పద్దెనిమిది పాయింట్లతో పట్టికలో మొదట నిలిచి ఫైనల్‌కు చేరింది. రంజాన్ మొదలయ్యేలోపు ముగించాలని ఫైనల్ ఫిబ్రవరి పంతొమ్మిది, శుక్రవారం అనుకున్నాం. మెకానిక్ కొడుకు ఆ నాలుగున్నర నెలలూ రింకు అద్దం అవతలినుంచి చూశాడు. మ్యాచ్‌లు అయ్యాక మాత్రం మా అమ్మాయి గోల్‌లో నిలబడేది, వాడు కొట్టేవాడు. తనకు నిజంగా ప్రాక్టీసు అంటే అదేనని అది చెప్పేది.

ఫిబ్రవరి అయిదున పాప పుట్టినరోజు. మా ఇంట్లో ఎప్పుడూ అసలు తేదీనే చేస్తాం. జట్టు పిల్లల్ని, మెకానిక్ కుటుంబాన్ని పిలిచాను. కేకు మీద కొవ్వొత్తులు పదహారు పెట్టాను. ఒకటి తగ్గించి పెట్టాలన్న ఆలోచన నాకు రానేలేదు. విదేశీ పిల్లలు కేకు వైపు చూశారు గానీ కొవ్వొత్తులు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టింది ఆవిడ ఒక్కతే. తర్వాత వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడి గిన్నెలు అందిస్తూ అంది:

“పదారు వెట్టిండ్రు టీచరమ్మ.”

“అవును, పదహారు నిండాయి.”

“మా పోరనికి మొన్న కార్తీకంల పదిహేను నిండినయి.” వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. “మీ బిడ్డ వానికన్న తొమ్మిదిన్నర నెలలు పెద్దది. ఏమనుకోకుండ్రి. లెక్క చెప్పిన, అంతే.”

లెక్క సరిగ్గా ఉంది. ఆవిడ గొంతులో దెప్పు లేదు. ఉంటే నాకు తేలికయ్యేది, ఏదో ఒక జవాబు చెప్పి ఉండేదాన్ని. ఆరోజు మాత్రం అక్టోబరులో అడగాల్సిన ప్రశ్న అడిగాను. పిల్లవాడు పుట్టిన రోజు ఎక్కడైనా రాసి ఉందా? ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడిన భర్త వైపు చూసింది. వాడు పుట్టినప్పుడు ఆయన ఒమన్‌లోనే, సలాలాలో పనిచేస్తున్నాడు. కబురు ఉత్తరం మీదే వచ్చింది. ఆ ఉత్తరం ఇంకా ఆయన దగ్గరే ఉంది.

“వద్దు టీచరమ్మ,” అన్నాడాయన. “వీసా కాయితాలల్ల జూన్ ఒకటే ఉన్నది. ఇది బయటవడితె గడబడయితది. ఆట కోసం వానికి పరేషాన్ ఎందుకు?”

ఆ ఉత్తరం కెనడా ఆయన తప్ప మరెవరూ చూడరని మాటిచ్చాను. భార్య ఆయన ముఖం వైపు చూస్తూ నిలబడింది. రెండు రోజుల తర్వాత ఆయనే తెచ్చి ఇచ్చాడు. బావమరిది రాసిన ఉత్తరం, మడతల దగ్గర చిరిగింది. ‘నిన్న పొద్దుగాల నీకు కొడుకు పుట్టిండు, తల్లి బిడ్డ మంచిగున్నరు’ అని మొదటి వాక్యం. కవరు మీద పోస్టాఫీసు ముద్ర, డెబ్భై ఏడు నవంబరు ఇరవై ఒకటి.

కెనడా ఆయన దగ్గరికి ఉత్తరంతో పాటు మా అమ్మాయి సంగతీ తీసుకెళ్లాను. ఆయన ముద్రను దీపం కింద పెట్టి చూశాడు. పిల్లవాడు ఆడవచ్చన్నాడు, ముద్ర అబద్ధం చెప్పదు కాబట్టి. తర్వాత మా అమ్మాయి విషయంలో ఏ కాగితం ఉందని అడిగాడు. నా మాట తప్ప ఏమీ లేదన్నాను. అయితే ఆ అమ్మాయి కూడా ఆడవచ్చన్నాడు. తల్లుల జ్ఞాపకాల మీద లీగు నడపలేనని, గెలిచిన పాయింట్లు గెలిచినట్టేనని అన్నాడు. భార్యాపిల్లలున్న ఆ గోల్‌కీపర్ గురించి నేను గుర్తుచేస్తే, అతను కావాలని మోసం చేశాడు, మీ అమ్మాయి చేయలేదు కదా అన్నాడు. నాకు సులువైన దారి చూపించాననే అనుకున్నాడాయన.

దారి నిజంగానే ఉంది. ఇద్దరూ ఆడవచ్చు. కానీ ఫైనల్ కాగితం కొత్తగా రాయాలి, దాని అడుగున వయసులు సరిచూశానని నేనే సంతకం చేయాలి. మా అమ్మాయి పేరున్న కాగితాల మీద అంతకుముందు పన్నెండు సార్లు చేశాను. పదమూడోసారి చేయలేకపోయాను. ఆ పన్నెండు మ్యాచ్‌లలో జట్టుకు వచ్చిన పద్దెనిమిది పాయింట్లు ఉంచాలా, తీసేయాలా అన్నదానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. తీసేస్తే తొమ్మిదిమంది పిల్లలకు అన్యాయం. ఉంచితే, సెమీస్ లేకుండా మొదటి రెండు జట్లే ఫైనల్ ఆడే ఆ లీగులో మూడో స్థానంలో నిలిచిన జట్టుకు అన్యాయం. ఆయన ఉంచమన్నాడు, ఉంచాను. మా అమ్మాయి పేరు మాత్రం కొట్టేసి, ఆ ఖాళీలో మెకానిక్ కొడుకు పేరు రాశాను.

మా వారు ఒక్కరోజుకు ఇంకెవరిచేతనైనా సంతకం పెట్టించమన్నారు. ఆయన వైపునుంచి అది సబబైన మాటే. పాప అలా అనలేదు.

“పేపరు ప్రకారం నేను కరెక్టే కదమ్మా. అంకుల్ కూడా ఆడమన్నారు.”

“అన్నారు.”

“తాతయ్య రాయిస్తే ఊరుకున్నావు. అక్టోబరులో నువ్వే రాసి ఊరుకున్నావు. వాళ్లమ్మ కొవ్వొత్తులు లెక్కపెట్టకపోతే ఇప్పుడూ ఊరుకునేదానివి. నా ఫైనల్ దగ్గరే గుర్తొచ్చిందా నీకు?”

మూడూ నిజాలే. ఆ వారం బడిలో అది నా క్లాసులో ముందు బెంచీ వదిలి కిటికీ పక్కకు మారింది.

ఫైనల్‌కు రాదనుకున్నాను. వచ్చింది. జట్టు చొక్కా వేసుకుని, గోల్ వెనక అద్దానికి ఆనుకుని నిలబడింది. దాని స్థానంలో గోల్‌లో నిలబడినవాడు లెబనాన్ వాళ్ల పిల్లవాడు, పన్నెండేళ్లవాడు. కాళ్ల రక్షణ పట్టీలు వాడికి తొడల దాకా వచ్చాయి. మొదటి పదిహేను నిమిషాల్లో మూడు గోల్స్ పడ్డాయి. పాప అద్దం మీద తట్టి, ముందుకు రమ్మని, మోకాళ్లు వంచమని వాడికి సైగలు చేస్తూనే ఉంది. ఆ తర్వాత ముప్పై నిమిషాల్లో వాడు ఒక్కటే ఇచ్చాడు. మెకానిక్ కొడుకు ఇరవై రెండో నిమిషంలో ఒకటి, ముప్పై ఆరులో ఒకటి కొట్టాడు. ఇంకొకడు మరొకటి కొట్టాడు. నాలుగు మూడుతో ఓడిపోయారు. వాడి తల్లి శాలువా కప్పుకుని చివరి వరసలో కూర్చుంది. ఆట అయ్యాక నా బల్ల ముందునుంచే వెళ్లింది. కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

కారులో మా అమ్మాయి వెనక సీట్లో కూర్చుంది. నిజంగా తను ఉంటే గెలిచేవాళ్లమా అని అడుగుతుందనుకుని, సగటు ప్రకారం గెలిచే అవకాశం ఎక్కువేనని చెప్పడానికి సిద్ధపడ్డాను. ఆ ప్రశ్న రాలేదు. ఖురుమ్ గుట్ట దిగుతుండగా అడిగింది:

“నా గురించి ఇంకా ఏమైనా తప్పు రాసి ఉందా అమ్మా?”

లేదన్నాను. అన్నాక ఒక్కొక్కటే గుర్తుచేసుకోవడం మొదలుపెట్టాను. దాని పూర్తి పేరు, ఇంటి పేరు, పుట్టిన ఊరు, టీకాల కార్డు, టీసీ. ఇల్లు చేరేదాకా వెతుకుతూనే ఉన్నాను. అది కిటికీలోంచి బయటికి చూడటం మానేసి, కారు అద్దంలో నా ముఖం వైపే చూస్తూ కూర్చుంది.