అత్తయ్య చేతి ఇంగ్లీషు

మా అత్తయ్య ఇరవై రెండేళ్ళుగా ఆసుపత్రి బట్టల గదిలో దుప్పట్లు మడత పెడుతోంది. నేను బడిలో ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. నా కోపం ముక్కు మీద ఉంటుందని పిల్లలకు తెలుసు, మా ఆయనకు మరీ బాగా తెలుసు. అలాంటి నా దగ్గరికి వచ్చి ఒకరోజు అత్తయ్య, "అమ్మాయ్, నాకు ఇంగ్లీషు చెప్తావా?" అంది.

సంగతేమిటంటే, బట్టల గదికి ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయింది. రెండేళ్ళ క్రితమూ అయింది. అప్పుడు ఇంటర్వ్యూలో ఆఫీసరమ్మ ఇంగ్లీషులో "ఉతికిన దుప్పట్లు ఎక్కడ పెడతారు?" అని అడిగితే, ఆ గదిలో గుండుసూది ఎక్కడుందో కూడా కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి బెల్లం కొట్టిన రాయిలా కూర్చుండిపోయిందట. పోస్టు వేరేవాళ్ళకు పోయింది. ఆ రోజు ఇంటికొచ్చి, స్నానాల గదిలో కుళాయి విప్పి మరీ ఏడ్చింది. నీళ్ళ చప్పుడులో మాకు వినబడదనుకుంది, పిచ్చిది. ఇంకో మూడేళ్ళలో రిటైరు. ఇప్పుడు రాకపోతే ఇక రాదు.

మాటలు ఆవిడకు వచ్చు. షీటు, షెల్ఫు, ట్రాలీ, అన్నీ రోజూ వినేవే. చిక్కంతా వాటి మధ్యన దూరే ఇన్, ఆన్, ఎట్‌లతోనే. నెలలకు ఇన్, రోజులకు ఆన్, గంటలకు ఎట్ అని పట్టిక గీసి వంటింటి గోడకు అంటించాను.

"మనం పెట్టెలో అంటాం. ముందు పెట్టె ఉండాలి, తర్వాతే కదా లోపలికి పోయేది? వీళ్ళేమిటే, ఇన్ ద బాక్స్ అంటూ పెట్టె రాకముందే దూరిపోతారు?" అంది అత్తయ్య.

"అది వాళ్ళ పద్ధతి అత్తయ్యా. బట్టీ పట్టండి, అంతే."

వారం రోజులు బట్టీ పట్టింది. ఆ పైన "ఇన్ మండే" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కి, స్కేలుతో పట్టికను ఫట్టున కొట్టాను. అత్తయ్య జడవలేదు. అరచెయ్యి తెచ్చి నా ముక్కు మీద ఆనించి, "నీ కోపం... ఆన్ ద నోస్! కరెక్టేనా?" అంది. నవ్వు ఆపుకోలేక చచ్చాను. తర్వాత చూస్తే, చెయ్యి వేసి చెప్పినప్పుడు ఆవిడకు ఒక్కటీ తప్పు పోవడం లేదు.

వాళ్ళ గదిలో ఒక కట్టుబాటు ఉంది. చెయ్యి వేసి చూడకుండా 'ఉంది' అనకూడదు. ఎప్పుడో ఎవరో దూరం నుంచి చూసి దుప్పట్లున్నాయని చెబితే, ఆపరేషన్ గదికి చాలక నానా అగచాట్లూ పడ్డారట. అప్పటి నుంచి ముట్టుకున్నాకే మాట. ఆ అలవాటు ఈవిడ నాలుక దాకా పాకిపోయింది.

మరి సోమవారాన్ని ఎలా ముట్టుకుంటారు? దానికీ దారి కనిపెట్టింది. క్యాలెండరులో నెల మొత్తాన్నీ రెండు చేతుల మధ్య పొదివి పట్టుకుంటే ఇన్. తేదీ గడి మీద అరచెయ్యి వేస్తే ఆన్. గడియారంలో అంకె మీద వేలికొన పెడితే ఎట్.

"మరి ఎట్ నైట్ ఎందుకంటారో?" అని ఇరికించబోయాను.

"చీకట్లో తడుముకోవడానికి వేలే కదే దిక్కు!"

పదేళ్ళుగా పాఠం చెబుతున్నా నాకింత చక్కటి ఉపాయం తట్టలేదు. మెచ్చుకున్నాను, కాస్త ఒళ్ళు కూడా మండింది.

ఇంటర్వ్యూ రోజు నేనే స్కూటరు మీద తీసుకెళ్ళాను. ఆసుపత్రి గేటు దగ్గర దిగాక, ఉండబట్టలేక, "అత్తయ్యా, లోపల ఆ చేతులు ఆడించకండి. నవ్వుతారు. ఒళ్ళో పెట్టుకుని కుదురుగా కూర్చోండి" అన్నాను.

"సరే తల్లీ. టీచరు చెప్పాక తప్పుతుందా?" అంది.

ఆఫీసరమ్మ గదికి అద్దాల తలుపు. బయట బెంచీ మీది నుంచి నాకంతా కనబడుతోంది, మాట మాత్రం వినబడదు. ఆఫీసరమ్మ ఏదో అడిగింది. అత్తయ్య చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. పెదవి కదల్లేదు. ఆఫీసరమ్మ మళ్ళీ అడిగింది. అత్తయ్య తల వంచుకుంది.

కొంప ముంచింది నేనే! ఇరవై రెండేళ్ళుగా చేతులతో బతికిన మనిషి చేతులు కట్టేసి మాట్లాడమంటే ఎలా మాట్లాడుతుంది? ఆ చేతులు చూసి ఎవరో నవ్వుతారని నామోషీ పడింది నేను, ఆవిడ కాదు. ఛీ, నా బతుకు!

లేచి వెళ్ళి తలుపు అద్దం మీద నా అరచెయ్యి ఆనించాను. అత్తయ్య తలెత్తింది. నా చేతిని చూసింది.

అంతే, ఒళ్ళోంచి చేతులు లేచాయి. బల్ల మీది ఫైళ్ళను ట్రేలో పెట్టింది. ట్రే మీద పుస్తకం పెట్టింది. గోడ గడియారం దాకా నడిచి వేలు చూపించింది. నోరు ఆడుతూనే ఉంది. ఆఫీసరమ్మ మొదట బిత్తరపోయి కుర్చీ వెనక్కి జరుపుకుంది. తర్వాత నవ్వేసి, తన కళ్ళజోడు తీసి తనే అత్తయ్య చేతికిచ్చింది, దీన్ని కూడా ఎక్కడో పెట్టి చెప్పమన్నట్టు. ఆఖర్న అత్తయ్య తిన్నగా నా వైపు వేలు చూపించి ఏదో అంది.

పోస్టు వచ్చింది. అక్కడికక్కడే చెప్పేశారు. స్కూటరు దగ్గరికి వచ్చాక అడిగాను, "నన్ను చూపించి ఏమన్నారు?"

"నేర్పిందెవరని అడిగింది. మై డాటర్, ఎట్ ద డోర్ అన్నా."

"డాటర్ ఇన్ లా అనాలి అత్తయ్యా! పదిసార్లు చెప్పాను."

"చెప్పావులే. ఆ ఇన్ ఎక్కడుందో ఎంత వెతికినా నా చేతికి తగల్లేదు. తీసేశా."

ఆ మాట అని వెనకెక్కి కూర్చుని, నా భుజం మీద చెయ్యి వేసింది. కళ్ళు తుడుచుకుని బండి తీశాను. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేనిదాన్ని, ఆ ఒక్కటీ ఇప్పటికీ దిద్దలేదు.