గానుగెద్దు, చంద్రుడు, నా మంగళవారం భోజనం

1955వ సంవత్సరం జూలై నెల 11వ తేదీ, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, జమ్మలమడుగులోని ఒక మిడిల్ స్కూలులో, నేను రెండో ఫారం పిల్లలకు ఉపమాలంకారం బోధించడం మొదలుపెట్టాను. ఇంత కచ్చితంగా ఎలా జ్ఞాపకముందని మా ఇంట్లోవారు అడుగుతుంటారు. ఆ రోజుల్లో దినచర్య రాసే అలవాటును కొత్తగా చేసుకొని ఉన్నాను, అది ఒక కారణం. మనిషి తన తిండిని తానే పోగొట్టుకోవడం మొదలుపెట్టిన గడియను అంత సులభంగా మరచిపోలేడు, అది రెండో కారణం. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికింకా రెండేండ్లు నిండలేదు. కర్నూలులో కొన్ని కచేరీలు డేరాల్లోనే నడుస్తున్నాయని చెప్పుకొనేవారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన నా జీతం తాలూకు కాగితం ఏ డేరాలో, ఏ పెట్టె అడుగున ఉన్నదో చెప్పగలవాడు జిల్లాలో లేడు. ఆ కాగితం కదిలేవరకు నా వంటి ఒంటరివాడు బ్రతకడానికి ఆ ఊళ్లో ఒక మర్యాదైన ఏర్పాటు ఉండేది. వారంలో ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క విద్యార్థి ఇంట భోజనం. దానిని వారాలు అనేవారు.

మా పెద్దయ్యవారు (ప్రధానోపాధ్యాయుణ్ణి పిల్లలూ, ఊరూ, చివరికి ఆయన భార్యకూడా అలాగే పిలిచేవారు) తానే నాలుగు ఇండ్లకు వెళ్లి మాట్లాడి నా వారాలు కుదిర్చారు. మంగళవారం గానుగ వారి ఇల్లు, బుధవారం బట్టల శెట్టిగారిల్లు, గురువారం గొర్రెల కాపరి ఇల్లు, శుక్రవారం పాత్రలకు కళాయి పెట్టే సాయిబుగారిల్లు, శనివారం పెద్దయ్యవారి సొంత ఇల్లు. ఆదివారం నేను బస్సెక్కి ప్రొద్దుటూరు వెళ్లేవాణ్ణి. అక్కడ బంగారు అంగడిలో గుమాస్తాగా ఉన్న మా మేనమామ ఇంట్లో భోజనం. సోమవారం ఉపవాసమని అందరితో చెప్పుకొనేవాణ్ణి. ఆ రోజుకు ఇల్లు దొరకలేదన్నది నిజం.

ఇక పాఠం. నల్లబల్లమీద ‘ఆమె ముఖము పద్మము వలె ఉన్నది’ అని ముత్యాలకోవగా రాశాను. ఉపమేయము ముఖము, ఉపమానము పద్మము, సమానధర్మము అందము, ఉపమావాచకము ‘వలె’ అని కర్రతో ఒక్కొక్కదానినీ తాకుతూ చెప్పాను. పిల్లలు వల్లించారు. అంతా సవ్యంగా సాగుతున్నప్పుడు గానుగ వారి మనవడు లేచి, “అయ్యవారూ, పద్మం ఎట్లుంటాది?” అని అడిగాడు. తరగతిలో చూచినవారెవరైనా ఉన్నారా అని నేను అడిగాను. ఒక్క చెయ్యీ లేవలేదు. లేవడానికి ఆస్కారమూ లేదు. మా పెన్నలో ఏడాదిలో ఎక్కువ కాలం పారేది ఇసుకే. “మీరు చూసినారా అయ్యవారూ?” అన్నాడు వాడే. పులివెందుల పక్కన పుట్టి పెరిగిన నేను పద్మాన్ని చూచినది క్యాలెండరులో మాత్రమే, అదికూడా లక్ష్మీదేవి పాదాలకింద సగం కనబడేది. నిజం చెప్పక తప్పలేదు. చూడని దానితో చూచినదానిని పోల్చి ఏం లాభమన్నట్టు తరగతి అంతా నావైపు చూచింది.

శిక్షణ కళాశాలనుండి అప్పుడే వచ్చినవాణ్ణి. తెలిసినదానినుండి తెలియనిదానికి నడవవలెనని అక్కడ చెప్పిన మాట నా తలలో వెచ్చగా ఉన్నది. పద్మాన్ని తుడిచివేసి, ప్రతి ఒక్కరూ తమ ఇంట్లోని ఒకరిని తమకు బాగా తెలిసిన వస్తువుతో పోల్చి ఒక్క వాక్యం రాసుకొని రావాలని ఆజ్ఞాపించాను. మరునాడు ఉదయం విన్న వాక్యాలను ఇప్పటికీ తలచుకొంటే నాకు గర్వంగానే ఉంటుంది. శెట్టిగారి కొడుకు, “మా నాయన నవ్వు చీర మాదిరి ఉంటాది, గిరాకీ వస్తే విప్పుతాడు, పోతే మడిచిపెడతాడు” అని చదివాడు. సాయిబుగారబ్బాయి వాళ్ల దాదీ ముఖం కళాయి పోయిన చెంబు మాదిరి ఉంటుందన్నాడు. కాపరి కూతురు వాళ్ల నాయన తమ మందలోని పెద్ద పొట్టేలు మాదిరి ఉంటాడన్నది. పెద్దయ్యవారి మనవడు తన తాత కోపాన్ని బడిగంటతో పోల్చాడు, మోగినంతసేపే అని. గానుగ వారి మనవడు అందరినీ మించిపోయి, “మా అవ్వ మాటలు గానుగెద్దు మాదిరి, పొద్దంతా నడిచినా ఆడ్నే ఉంటాయి” అన్నాడు. నేను లేచి నిలబడి ఐదుగురికీ పదికి పది మార్కులు వేశాను.

అక్కడితో ఆగి ఉంటే నాకూ, ఊరికీ క్షేమంగా ఉండేది. కాని ఆ తరగతి పిల్లలు వాచకం చదివేటప్పుడు గొంతు పెగిలేది కాదు. గోడవైపు తిరిగి గోడకే చెప్పుకొంటున్నట్టు చదివేవారు. రాయడమెంత ముఖ్యమో పైకి చదవడమూ అంత ముఖ్యమని ఒక చిన్న ఉపన్యాసమిచ్చి, ఆ సాయంత్రం ప్రతివారూ తమ వాక్యాన్ని ఇంటి అరుగుమీద నిలబడి, ఇంట్లో పెద్దలందరూ వినేటట్టు, మూడుసార్లు గట్టిగా చదవాలని చెప్పాను. పిల్లలు ముఖముఖాలు చూచుకొన్నారు. అది ఉత్సాహమని అనుకొన్నాను.

ఆ రాత్రి గానుగ వారింటికి వెళ్లేసరికి ఎన్నడూలేని నిశ్శబ్దం. ఆ ఇంటి అవ్వ మాట్లాడకుండా ఉండడం నేను అదివరకు చూడలేదు. ఆమె మాట ఎక్కడ మొదలైనా తన పెండ్లినాడు పోయిన ముక్కుపుడక దగ్గరికి వచ్చి ఆగేది, అక్కడినుండి మళ్లీ మొదలయ్యేది. ఆ కథ వింటూనే నేను ప్రతి మంగళవారం జొన్నరొట్టె, అప్పుడే ఆడిన నూనె వేసిన ఊరుబిండి పచ్చడి తినేవాణ్ణి. ఆ రోజు ఆకు వేయలేదు. అవ్వ స్తంభానికి ఆనుకొని, “పొద్దన్నుంచి ఆడ్నే తిరుగుతాండా గదా అయ్యవారూ, పొయ్యికాడికి పోయే దానికి తీరల్యా” అన్నది. నేను మంచినీళ్లు తాగి లేచాను.

బుధవారం శెట్టిగారు దుకాణంలో పద్దు చూచుకొంటూ తల ఎత్తలేదు. “ఈ పొద్దు మడిచిపెట్టినామప్పా” అన్నారు, అంతే. గురువారం కాపరి ఇంటికి వెళ్లేటప్పుడు చెప్పులు గుమ్మం బయట, పారిపోవడానికి అనువుగా, వీధివైపు తిప్పి విడిచాను. తండ్రిని పొట్టేలన్న కూతురికి చదువు చెప్పినవాణ్ణి కదా. కాని ఆయన ఎదురువచ్చి నా చెయ్యి పట్టుకొన్నాడు. “మా పాప ఏం చదివిందో ఇంటివా సామీ? నన్ను పెద్ద పొట్టేలు అనింది. ఆ పొట్టేలిని పులివెందుల సంతలో అడగనోడు ల్యాడు. నేను ఇయ్యను. అది ముందర నడిస్తే ఎనక మంద మందంతా తలకాయ వంచుకొని వస్తాది” అని చెబుతూ కంటతడి పెట్టుకొన్నాడు. ఆ రాత్రి నేను తిన్న సంగటి ముద్దలు లెక్కపెట్టలేదు. (నా దినచర్యలో లెక్క లేని భోజనం అదొక్కటే.)

శుక్రవారం సాయిబుగారు కొలిమి దగ్గరే నన్ను ఆపారు. ఆయన బాధ వేరు. తల్లికి అవమానమైనందుకు బాధలేదని కాదు, కాని అంతకన్న పెద్ద నష్టం కనిపించింది ఆయనకు. “ఊర్లో చెంబులకంతా కళాయి పెట్టేది నేను అయ్యవారూ. నా ఇంట్లో మనిషికే కళాయి ల్యాదని నా కొడుకు బజారంతా ఇనేటట్టు సదివినాడే, ఇంక రేపు నాకాడికి చెంబు ఎవరు తెస్తారు?” అని అడిగారు.

శనివారం పెద్దయ్యవారు అన్నం పెట్టలేదు గాని కుర్చీ వేశారు. “పుస్తకంలో పద్మం, చంద్రుడు ఊరికే పెట్టినారా నాయనా? వాటితో పోలిస్తే ఎవురికీ కోపం రాదు. అందుకని పెట్టినారు” అన్నారు. అలంకారశాస్త్రం గురించి నేను అంతకు ముందుగాని ఆ తరువాతగాని వినిన మాటల్లో అంత ఆచరణయోగ్యమైనది మరొకటి లేదు. ఆయన మాట ప్రకారం, వచ్చే వారం పిల్లలందరూ తమ ఇంటివారిని చంద్రునితో పోల్చి మళ్లీ మూడుసార్లు చదివి, చెడిన మర్యాదను బాగుచేయాలి. ఆదివారం ప్రొద్దుటూరులో నేను నాలుగోసారి అన్నం వేయించుకొంటుంటే మా మామ అత్తవైపు తిరిగి, “మనోనికి బడి ఇచ్చినారా, కరువు ఇచ్చినారా?” అని విచారించాడు.

సోమవారంనాడు చంద్రుణ్ణి చెప్పి రాయించాను. పిల్లలు తల వంచుకొని రాశారు. గానుగ వారి మనవడు మాత్రం, “అందరికీ ఒక్క చంద్రుడేనా అయ్యవారూ?” అని అడిగి, కలం కింద పెట్టాడు. మంగళవారం సిగ్గుపడి అవ్వ ఇంటికి వెళ్లలేదు, గదిలో బొరుగులు తిన్నాను. బుధవారం శెట్టిగారు, రాత్రిపూట వచ్చే చంద్రుని మాదిరి ఉంటే అంగడి ఎప్పుడు తీయాలో కూడా చెప్పమన్నారు. శుక్రవారం సాయిబుగారు ఆకాశం వైపు వేలు చూపి, చంద్రునిలో మచ్చ ఉంది గదా, అది కళాయి పోయిన చోటే గదా అన్నారు. పెద్దయ్యవారికి బట్టతల. మనవడు చంద్రుడని మూడుసార్లు చదివేసరికి ఆ వీధివాళ్లు అరుగులమీదికి వచ్చి చూచారట. ఆయన శనివారం తలుపు తీయలేదు, అంతే.

ఈ వరుసలో గురువారాన్ని దాటవేశాను, ఎందుకంటే అది తలచుకోవడం కష్టం. ఉన్న ఒక్క ఇల్లూ అదే కదా. కాపరి గుమ్మంలోనే కూర్చొని ఉన్నాడు. కోపంగా లేడు, అంతకన్న అన్యాయంగా, చిన్నబోయి ఉన్నాడు. “నేనేం తప్పు చేసినా సామీ?” అన్నాడు. “పోయిన వారం పొట్టేలుగా ఉంటి. ఈ వారం చంద్రుణ్ణి చేసిడిస్తివి. వాడు పదైదు దినాలు బక్కపడేటోడు. మందను కాసేది యాడ, మబ్బుసాటున పండుకొనేది యాడ?” పక్కన వాళ్ల పాప నావైపు చూడకుండా నేలమీద గీతలు గీస్తోంది. ఆ పిల్ల రాసిన మంచి వాక్యాన్ని నేను చెడ్డ వాక్యంతో కొట్టివేయించానని అక్కడ నాకు తెలిసింది. భోజనం అడగకుండానే వెనక్కు తిరిగాను.

ఆ మరుసటి సోమవారానికి నా పరిస్థితి ఇది: ఆదివారం తప్ప వారమంతా ఉపవాసం. పులివెందుల దగ్గరి మా ఊరికి తిరిగిపోయి నాయన దగ్గర సేద్యం నేర్చుకోవడమా, లేక ఇంకొక్క వారం బొరుగులమీద నిలబడి జీతం కోసం చూడడమా అని ఆలోచిస్తూ మంగళవారం పాఠం చెబుతుండగా, కిటికీ దగ్గర గానుగ వారి అవ్వ కనిపించింది. కమ్మీలు పట్టుకొని, పిల్లలందరూ వింటుండగానే, “పోయిన మంగళారం యాడికి పోయినావు?” అని అడిగింది. నేను తడబడుతూ, మీ మనవడు రాసిన దానికి మీకు కోపం వచ్చింది గదా అన్నాను.

“వచ్చింది. రాదా? వచ్చి, పోయింది. ముప్పై ఏండ్లనుంచి మాట్లాడతాండా అయ్యవారూ, ఆ ఇంట్లో ఇనేటోడు ల్యాడు. ఈడు గానుగెద్దు అని సదివినాక, నేను నోరు తెరిస్తే సాలు, నా కోడలు పని ఇడిసి వచ్చి కూకుంటాంది. యాడ మొదలుపెట్టి ముక్కుపుడక కాడికి ఎట్ల వస్తానో సూడల్లంట. పక్కింటోళ్లు గుడక వస్తాండారు. చంద్రుడంట, చంద్రుడు. ఆయప్పను మా ఇంట్లోకి రానీలేదు నేను. పొద్దుగూకినాక రా, రొట్టె కాలుస్తా.”

వెళ్లాను. అరుగు నిండా జనం. కోడలు రొట్టె కాలుస్తూనే చెవి ఇటు పెట్టింది. అవ్వ ఆ రాత్రి వర్షాలనుండి మొదలుపెట్టింది. అక్కడినుండి జొన్నల ధర, అక్కడినుండి ఎవరో బంధువు చేసుకొన్న రెండో పెండ్లి, దాని మీదుగా పెండ్లి పందిరి. పందిరి అనే మాట రాగానే అరుగుమీదివాళ్లందరూ ముందుకు వంగారు. మనవడు నావైపు చూచి, కళ్లతోనే, చూసినారా అయ్యవారూ అన్నాడు. ముక్కుపుడక వచ్చింది. అందరూ నవ్వారు, అందరికన్న గట్టిగా అవ్వ నవ్వింది. నవ్వి, మళ్లీ వర్షాలనుండి మొదలుపెట్టింది.

ఆగస్టు రెండో వారంలో జీతం వచ్చింది. హోటలులో నెలకు కుదుర్చుకొన్నాను. కాపరి పాపను పిలిచి, చంద్రుణ్ణి కొట్టివేసి పొట్టేలును మళ్లీ రాయమన్నాను. రాసింది, ఇంటిదగ్గర చదివిందో లేదో నేను అడగలేదు. మంగళవారం భోజనాన్ని మాత్రం నేను జమ్మలమడుగు విడిచేవరకు మానలేదు, ముక్కుపుడక ఇంకా దొరకలేదు కాబట్టి.

ఇప్పుడు పులివెందులలో ఉంటున్నాను. నేను ఏ మాట ఎత్తినా జమ్మలమడుగులో తేలుతానని మా ఇల్లాలు అంటుంది. మొన్న మా చిన్నమ్మాయి, తన బడిలో అలంకారాలు మొదలుపెట్టారని చెప్పి, నన్ను దేనితో పోల్చి రాసిందో చదివి వినిపించింది. ఆ వస్తువేమిటో చెప్పనక్కరలేదు. పదికి పది వేశాను.

ఆ మూడు వారాల ఖాతాను దినచర్య చూచి ఇలా తేల్చుకొన్నాను. పోయినవి: బుధవారం, గురువారం, శుక్రవారం, శనివారం, చంద్రునిమీద గౌరవం. మిగిలినవి: ఒక మంగళవారం, ఒక గానుగెద్దు. పద్మాన్ని ఆ తరువాత చాలా ఏండ్లకు, ప్రయాణంలో ఒకచోట, రైలు కిటికీలోంచి చూచాను. అందంగానే ఉన్నది. ఎవరి ముఖమూ గుర్తుకు రాలేదు.