మౌనం కోసం మా గుడి పడ్డ తిప్పలు

మా గుడికి మౌన ప్రార్థన వచ్చేనాటికే మా ఇంట్లో మౌనం ముదిరి పాకాన పడింది. అందుకే ఒక ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారు మైకు పట్టుకొని, మౌనం దేవుడిచ్చే గొప్ప వరమని సెలవిచ్చినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆ వరం మా క్వార్టర్లో పొద్దున చాయ్ నుంచి రాత్రి పడక దాకా గోడకు ఆనుకొని కూర్చునే ఉంది. కావాలంటే ఫాదర్ గారు వచ్చి తీసుకుపోవచ్చు.

మా ఆయన గోదావరిఖనిలో బాయి సర్దార్. బొగ్గుగనిని మేం బాయి అంటాం. షిఫ్టులో తన కింద పనిచేసేవాళ్లను లోపలికి తీసుకుపోవడం, దిగినవాళ్లందరినీ క్షేమంగా పైకి తేవడం సర్దార్ పూచీ. నెత్తి మీది గని కప్పు చప్పుడు చేసినా, లోపలికి గాలి పంపే పైనున్న ఫ్యాను ఆగినా, పని ఎక్కడిదక్కడ వదిలేసి బయటికి నడవమని చెప్పాల్సింది ఆయనే. ఒకరోజు కప్పు చప్పుడు చేసింది. ఈయన కేక పెట్టాడు. అందరూ వచ్చారు, కప్పుకింద కర్రలు నిలబెట్టే ఈయన దోస్తు తప్ప. ఆ మనిషి మీద కప్పు కూలింది.

ఆ రోజు నుంచి మా ఆయన మాట్లాడటం మానేశాడు. పెట్టింది తింటాడు, అడిగితే తల ఊపుతాడు, అంతే. దవాఖానలో గొంతంతా చూసి ఏ లోపమూ లేదన్నారు. బాయి పైన, దిగేవాళ్లకు దీపాలు అందించే డ్యూటీ ఇచ్చారు. దానికి మాటలతో పనిలేదు.

మొదట మా బస్తీలో రేకుల షెడ్డు కింద ప్రార్థనలు నడిపే పాస్టరు గారు కబురు తెలిసి వచ్చారు. చూడగానే ఇది మూగ దయ్యం అని తేల్చారు. మా ముందుగదిలో రెండు సౌండు బాక్సులు పెట్టించి, మా ఆయన నెత్తి మీద చెయ్యి వేసి, పొమ్మని దయ్యాన్ని గద్దించారు. దయ్యం పోయిందో లేదో గానీ నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న మా పక్కింటాయన చాప చంకన పెట్టుకొని అత్తగారింటికి పోయాడు. మా ఆయన మాత్రం అంతసేపూ ఓపికగా కూర్చుని, చివరికి పాస్టరు గారికి తనే చాయ్ తెచ్చిచ్చాడు. దయ్యం మొండిదనీ, ఈసారి పెద్ద బాక్సులు తేవాలనీ పాస్టరు గారు అన్నారు. నేను దండం పెట్టి పంపించాను.

అదిగో, అప్పుడు దిగింది మౌన ప్రార్థన. మా ఫాదర్ గారిది గుంటూరు వైపు. బెంగుళూరు పోయి ఏదో ఆశ్రమంలో నేర్చుకొని వచ్చారు. మాటల్లేకుండా దేవుడి సన్నిధిలో కూర్చోవడం ఎంత గొప్పదో చెప్పడానికి ఆయనకు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. తర్వాత మౌనం కోసం ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ మొదటి మీటింగు లొల్లి మెయిన్ రోడ్డు దాకా వినపడింది.

లొల్లికి కారణం మా యూనియన్ లీడరన్న. తెలంగాణ కోసం ఊరూవాడా లేచిన రోజులవి. ఆయన లేచి నిలబడి, ఆంధ్రా నుంచి వచ్చినాయన తెలంగాణోళ్లను నోరు మూసుకోమంటే ఏమనుకోవాలని అడిగాడు. చివరికి మౌనం రెండు ప్రాంతాల వాళ్లకూ సమానంగా వర్తిస్తుందని తీర్మానం రాసుకుంటే గానీ అన్న కూర్చోలేదు. ఈ అన్న వట్టి నోటి మనిషే గానీ చెడ్డవాడు కాదు. కప్పు కూలిన రోజు మా ఆయన షిఫ్టులోనే ఉన్నాడు. తర్వాత మా ఇంటికి చాలాసార్లు వచ్చి, ఎదురుగా కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక లేచిపోయేవాడు. నోరున్న మనిషికి మాట దొరకకపోవడం నేను అక్కడే చూశాను.

ఫాదర్ గారు నేర్పిన పద్ధతి సులువే. కళ్లు మూసుకోవాలి. ఒక్క పవిత్రమైన మాట ఎంచుకోవాలి. మనసు ఎటైనా పోతే మెల్లగా ఆ మాట దగ్గరికి తెచ్చుకోవాలి. ఎవరి మాట వాళ్లకూ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. సాయంత్రం నల్లా దగ్గర బిందెలు నిండేలోపు అందరి మాటలూ అందరికీ తెలిసిపోయాయి. లీడరన్నది ‘రాష్ట్రం’. కొడుకు నౌకరీ కోసం ఎదురుచూస్తున్న ఒకావిడది ‘ఆర్డరు’. ఫాదర్ గారిది ‘ట్రాన్స్‌ఫర్’ అని గిట్టనివాళ్లు పుట్టించారు. నాది ‘మాట్లాడు’. అది దేవుడికా, మొగుడికా అని అడిగారు. ఎవరికి ముందు వినపడితే వాళ్లకే అన్నాను.

ప్రతి గురువారం సాయంత్రం ప్రార్థన. షిఫ్టు దిగి వచ్చినవాళ్లు కళ్లు మూయమనగానే నిజంగానే మూసేవాళ్లు. గుడి నిండా గురకలు. దేవుడి ఒడిలో నిద్ర కూడా ప్రార్థనే అని ఫాదర్ గారు నోరు జారారు. మరుసటి వారం బెంచీలు చాలలేదు. వీటన్నిటికీ తోడు పీఠం పక్కన పాత సామాన్ల దుకాణంలో కొన్న నిలువెత్తు ఫ్యాను ఒకటి, లారీ గుట్ట ఎక్కుతున్నట్టు మోగేది. దాన్ని బాగు చేయిస్తే తప్ప మౌనం కుదరదని ఫాదర్ గారు కమిటీకి మొరపెట్టుకునేవారు. కమిటీ వాళ్లకేమో ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు.

మా ఆయన తలుపు పక్కన చివరి బెంచీలో కూర్చునేవాడు. నేను వెటకారానికే పోయాను, నిజం చెప్పాలంటే. కానీ ఒక గురువారం కళ్లు తెరిచి వెనక్కి చూస్తే, ఇంట్లో ఎప్పుడూ పిడికిళ్లు బిగించి ఉండే ఆయన చేతులు మోకాళ్ల మీద తెరుచుకొని ఉన్నాయి. అక్కడ ఎవరూ మాట్లాడటం లేదు. ఆయనా మాట్లాడటం లేదు. ఆ కాసేపు నా మొగుడు రోగి కాదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత తెలంగాణ కోసం బాయిలన్నీ బంద్ పెట్టారు. బొగ్గు ఆగింది. కరెంటు పుట్టే ఊరి పక్కనే ఉన్నాం, మాకేం ఫికర్ లేదనుకున్నాం. ఒక గురువారం అందరం కళ్లు మూసుకొని కూర్చున్నాం. కరెంటు పోయింది. ఫ్యాను మెల్లమెల్లగా తిరిగి, మూలిగి, ఆగిపోయింది.

ఆహా, ఇదీ అసలైన నిశ్శబ్దం అని ఫాదర్ గారు మురిసిపోతూ అన్నారు. అప్పటికే గురకలు ఆగిపోయాయి. బాయిలో పనిచేసిన ప్రతివాడూ కళ్లు తెరిచి నిటారుగా కూర్చున్నాడు. అప్పుడు వెనక నుంచి గొంతు వచ్చింది.

“ఫ్యాను ఆగింది. లేవుండ్రి. బయటికి నడువుండ్రి.”

ఎవరూ ఎందుకని అడగలేదు. తోసుకోలేదు. అందరూ లేచి నడిచారు. ఎవరో రెక్క పట్టుకు లాగితే, కాళ్లదాకా ఉన్న పొడుగు అంగీ ఎత్తిపట్టుకొని ఫాదర్ గారూ నడిచారు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి పంపించాడు. నా భుజం మీదా వేశాడు. అందరం ఆవరణలో నిలబడ్డాక కూడా ఆయన ఖాళీ గుడి లోపలికే చూస్తున్నాడు.

“ఇంకొకడు రావాలె,” అన్నాడు.

ఎవరికోసం చూస్తున్నాడో అక్కడున్న అందరికీ తెలుసు. లీడరన్న వెనక్కి నడిచి ఆయన పక్కన నిలబడ్డాడు.

“నువ్వు పిలిచినవన్న. మేమందరం ఇన్నం. గందుకే ఈడున్నం.”

“వానికి ఇనవడలే,” అన్నాడు మా ఆయన. గుడి మెట్ల మీద కూలబడి, వెనకటి కాలపు ఆడవాళ్లలాగా, ఆ దోస్తును తలుచుకుంటూ పెద్దగా ఏడ్చాడు. అన్న పక్కన కూర్చున్నాడు. ఈసారి లేచిపోలేదు.

తర్వాత సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. మూగ దయ్యం తన ప్రార్థనకే పోయిందని, కాకపోతే ఆలస్యంగా పోయిందని పాస్టరు గారు మైకులో సాక్ష్యం చెప్పించారు. ధ్యాన ఫలితమని ఫాదర్ గారు పైవాళ్లకు రాశారు. ఇదంతా ఉద్యమం మహిమ అని లీడరన్న అనుచరులు చాటారు. నా మాట ‘మాట్లాడు’ అన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఫ్యాను ఆగిన ఆ గురువారమే, గుడి నుంచి ఇంటికి వచ్చి ఆయనకు చాయ్ ఇచ్చాను. ఒక గుక్క తాగి, చక్కెర ఎక్కువైందన్నాడు. ఎన్నాళ్ల నుంచో ఎక్కువే వేస్తున్నావన్నాడు. మరి ఇన్ని నెలలూ మింగి కూర్చున్నావెందుకని నేను గయ్యిమన్నాను. ఆయన కూడా తగ్గలేదు. లొల్లి ముదిరింది. తలుపు వైపు చూస్తే, చాపతో అత్తగారింటికి పోయిన మా పక్కింటాయన గడపలో నిలబడి ఉన్నాడు. నిద్ర చెడిందని అంటాడేమో అనుకున్నాను. కళ్లు తుడుచుకుంటూ, “కానియ్యి వదినె,” అన్నాడు.