అత్త వెంట సముద్రానికి

మా మేనత్త పోయిందన్న కబురు తెచ్చిన మనిషి గడప దాటి లోపలికి రాలేదు. చావు కబురు మోసుకొచ్చినవాళ్ళు ఇంట్లోకి రారు, మంచినీళ్ళు కూడా ముట్టరు. సత్యవేడు నుంచి మా ఐరాలకు బండ్లూ బస్సులూ మారి వచ్చినవాడు వాకిట్లోనే నిలబడి, "మొన్న తెల్లారుజామున మీ అత్త పొయ్యిందమ్మా. బాధ పడలేదు" అని చెప్పి వెనుదిరిగాడు. నేను పప్పు రుబ్బుతున్నాను. చెయ్యి ఆగలేదు. పప్పంతా రుబ్బి, గిన్నెలోకి తీసి, రోలు కడిగి, అప్పుడు కూర్చుని ఏడ్చాను. అత్త చూసి ఉంటే మెచ్చుకునేది.

ఆమె మా నాయనకు అక్క. సత్యవేడు దగ్గరి పల్లెకు ఇచ్చారు. మొగుడు చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. పెరట్లో నాలుగు చింతచెట్లు ఉండేవి. ఏటా చింతపండు రాలాక గింజ తీసి, ముద్దలు కట్టి, గంపకెత్తుకుని సముద్రపు ఒడ్డుకు నడిచేది. ఐదు రోజుల తిరుగుడు, రోజుకొక గుడిసెలో పడక. చేపలు పట్టేవాళ్ళకు చింతపండు ఇచ్చి, కరవాడు, అంటే ఎండుచేపలు, తెచ్చుకునేది. మా నాయనకు ఇది నామోషీ. "మన ఇంటి ఆడమనిషి గంప మోసేదేంది" అని గొణిగేవాడు. కరవాడు వచ్చిన రోజు మాత్రం ఒక ముద్ద ఎక్కువే తినేవాడు.

ఆరేళ్ళ కిందట, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, నా తొలిచూలు బిడ్డ మూడో నెలలో జ్వరమొచ్చి పోయింది. నాలుగు నెలలు నేను మనుషుల్లో లేను. పెట్టింది తినలేదు, పిలిస్తే పలకలేదు. మా ఆయన ఏం చేయాలో తోచక నన్ను పుట్టింట్లో దిగబెట్టాడు. నాయన మందులు తాగించాడు, తాయెత్తు కట్టించాడు. ఇది కూడా దక్కదేమోనని అమ్మతో అంటుంటే నేను విన్నాను. విని కూడా నాకేమీ అనిపించలేదు. చివరికి ఆయన అక్కకు కబురు చేశాడు.

అత్త వచ్చి నన్నొకసారి చూసి, "దీన్ని నాతో పంపు. ఐదు దినాలు నడిపిచ్చకొస్తా" అంది.

"నడిచేదానికి దానికి బలం యాడుండాది?" అన్నాడు నాయన.

"కూసోనుండేదానికి మాత్రం యాడుండాది?"

బయల్దేరేటప్పుడు నాయన తన మరచెంబు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మర తిప్పి మూత బిగించే పెద్ద ఇత్తడి చెంబు, నిండితే చంటిబిడ్డంత బరువు. "సముద్రం పక్కన అంతా ఉప్పునీళ్ళే. తాగేదానికి సుక్క దొరకదు. దీన్ని మాత్రం ఇడిసిపెట్టబాక" అన్నాడు. జీవితమంతా బావిలోంచి నీళ్ళు తోడి పైరు పెంచినవాడు. కూతురికి అంతకంటే ఏమివ్వాలో ఆయనకు తెలియదు.

అత్త ఊళ్ళో రెండు రోజులుండి, మూడో రోజు తెల్లవారుతుండగా నడక మొదలుపెట్టాము. ఆమె నెత్తిన చింతపండు గంప, నడుముకు బియ్యం మూట. నాకు ఒక మార్పు చీర, ఆ చెంబు. ఊరి పొలిమేరలో అత్త ఆగింది. "ఉప్పుచెరువు కాడ పడవెక్కే దాకా నీ ఇష్టం. ఎనక్కి పోదామంటే పోదాం, ఎందుకని అడగను. పడవెక్కితే మాత్రం ఐదు దినాలు" అంది. నేను అప్పుడే అనుకున్నాను, పడవ దగ్గర వెనక్కి తిరిగిపోదామని.

రెండు మైళ్ళు నడిచేసరికి చెంబు అంచు నడుములో దిగబడింది. ఈ చంకకూ ఆ చంకకూ మార్చుకుంటూ నడిచాను. దారిలో బావులున్నంత దూరం అక్కడి నీళ్ళే తాగి, చెంబు మూత తీయకుండా దాచాను. అత్త అంతా చూస్తూనే ఉంది. ఏ చేను ఎవరిది, ఏ ఇంట్లో అన్నదమ్ములకు మాటల్లేవు, ఇవన్నీ చెప్పుకుంటూ పోయింది. ఉన్నట్టుండి అడిగింది.

"బిడ్డ ఎవురి పోలిక?"

నాలుగు నెలలుగా ఎందరో వచ్చి ఓదార్చారు. ఎట్లా పోయిందని అడిగారు. ఎవరి పోలికని ఒక్కరూ అడగలేదు.

"నాయన పోలిక. ముక్కు అచ్చం అదే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అంటే మా ఇంటి ముక్కే" అంటూ అత్త తన ముక్కు తడుముకుంది.

దుఃఖం పొంగుకొచ్చి నడిరోడ్డు మీద నిలబడిపోయాను. అత్త వెనక్కి వచ్చి నా రెక్క పట్టుకుంది. "ఏడిస్తే ఏడువు. నిలబడి ఏడవబాక, నడస్తా ఏడువు." అట్లాగే ఒక మైలు ఏడుస్తూ నడిచాను. ఎదురొచ్చిన బండతను ఎద్దుల్ని నిలిపి, "ఆ పాపకి ఏమైందమ్మా?" అన్నాడు. "ఏమీ లేదబ్బా, ఏడస్తా ఉండాది" అంది అత్త, నేను పాటేదో పాడుకుంటున్నట్టు. అతను తలూపి బండి తోలుకుని పోయాడు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఉప్పుచెరువు గట్టు చేరాము. ఆ ఉప్పునీళ్ళ సరస్సుకు అవతలే సముద్రం. పడవ సిద్ధంగా ఉంది. అత్త గంప దించకుండానే, "ఇప్పుడు చెప్పు" అంది. వెనక్కి తిరిగి చూశాను. వచ్చిన దారంతా ఎండకు మరుగుతోంది. కాళ్ళ నిండా బొబ్బలు.

"కాళ్ళు నొప్పి అత్తా. ఎనక్కి నడవలేను."

"అయితే ఎక్కు. పడవలో కాళ్ళతో పనిల్యా."

మీరు నవ్వుకున్నా సరే. నన్ను ఈ లోకంలోకి మళ్ళించింది ధైర్యమూ కాదు, వేదాంతమూ కాదు. వెనక్కి నడవడానికి బద్ధకం.

పడవ దిగి, ఇసుకలో మరికొంత నడిచి, పొద్దు వాలేవేళకు సముద్రం పక్కన ఒక తాటాకు గుడిసె చేరాము. అత్త ఈడు ఆడమనిషి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. అత్త కుశలమైనా అడగలేదు. గంప దించి, మూట విప్పి, పిడికెడు బియ్యం తీసుకుని, పొయ్యి మీద కాగుతున్న ఎసట్లో వేసింది. "నువ్వూ ఎయ్యి" అంది నాతో. పరాయి పొయ్యి ముట్టుకోవడమేమిటని నేను బిక్కచచ్చిపోతే, "ఒక కుండలో ఉడికినాక ఎవురి కూడు ఎవురు తిన్నారో తెలీదు. ఈడికి ఎవురూ సుట్టంగా రారు" అంది. నేనూ ఒక పిడికెడు వేశాను. నాలుగు నెలల తర్వాత నా చెయ్యి పొయ్యి దగ్గరికి పోవడం అదే మొదలు.

"అంత చెంబు యాడనుంచి మోసకొచ్చినావమ్మా?" అని ఆ గుడిసె ఆమె అడిగింది. తాగే నీళ్ళన్నాను. ఆమె అత్త వైపు చూసింది. అత్త సముద్రం వైపు చూసింది.

ఆమె ఒక కొబ్బరి చిప్ప తీసుకుని నన్ను గుడిసె వెనక్కి పిలుచుకుపోయింది. ఇసుక దిబ్బ కింద మోచేతి లోతు తవ్వింది. ఊట వచ్చింది. మొదటి రెండు చిప్పలు పారబోసి మూడోది నాకిచ్చింది. అలల చప్పుడు చెవిలో పడుతోంది, నోట్లో మాత్రం తియ్యటి నీళ్ళు. చిన్నప్పుడు ఎండిన ఏట్లో ఎన్ని చెలమలు తవ్వానో. సముద్రం పక్కన కూడా తవ్వచ్చని మాకెవరికీ తట్టలేదు.

"ముందే చెప్పకూడదా అత్తా?"

"మీ నాయన ప్రేమగా ఇచ్చినాడు, నువ్వు ప్రేమగా మోస్తా ఉండావు. మద్దెలో దించమనేదానికి నేనెవురు?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. అత్త చెంబు మూత విప్పి, ఆ నీళ్ళతో నా కాళ్ళు కడగబోయింది. పెద్దది, తప్పని వెనక్కి లాక్కున్నాను. "బొబ్బలకి చిన్నా పెద్దా యాడిది, కూసో" అని కడిగేసింది. యుద్ధం మూలంగా సముద్రం వైపు దీపం కనబడకూడదని సర్కారువాళ్ళు చెప్పి పోయారట, అందుకని వెలుతురుండగానే తిన్నాము. మా చింతపండుతో చేపల పులుసు. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను. అత్త చూడనట్టే చూసింది.

మిగతా నాలుగు రోజులు ఆ మొదటి రోజు వెంబడి వాటంతటవే నడిచాయి. ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. చిన్నదానికి మా ఇంటి ముక్కే వచ్చింది. అత్తతో మళ్ళీ ఒకసారి పోగలిగాను, ఆ తర్వాత సంసారం కదలనివ్వలేదు. ఈ ఏడు రమ్మని ఆమె కబురు పెట్టింది. వచ్చే ఏడు చూద్దామన్నాను. ఆ మాట నన్ను ఇప్పటికీ పొడుస్తూనే ఉంది.

కర్మంతరం, అంటే పెద్దకర్మ, రోజు అత్త పెరట్లో వంటలు జరుగుతున్నాయి. ఒక ముసలామె ఒంటరిగా, కాళ్ళ నిండా దుమ్ముతో లోపలికొచ్చింది. సముద్రం పక్క గుడిసె ఆమె. జుట్టంతా నెరిసిపోయింది. ఎవరినీ పలకరించకుండా, కొంగు ముడి విప్పుకుంటూ నేరుగా పొయ్యి దగ్గరికి నడిచింది. మా పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవురమ్మా నువ్వు? పొయ్యికాడికి రాబాక."

"పోనీ పిన్నీ. అత్త ఇంటి మనిషే" అన్నాను.

పిన్ని నా మొహం చూసింది, చుట్టూ ఉన్న బంధువుల్ని చూసింది. ఆ చెయ్యి కాసేపు అట్లాగే ఉండి, కిందికి దిగింది. ముసలామె ముందుకు వంగి కుండ మీద పిడికిలి విప్పింది. అరచేతికి అంటుకున్న నాలుగు గింజల్ని కుండ అంచుకు రాల్చింది. నేను పక్కనే నిలబడి కళ్ళార్పకుండా చూస్తున్నాను. ఆ బియ్యం ఎసట్లో ఒక సుడి తిరిగి, తక్కిన బియ్యంలో కలిసిపోయింది. ఏ గింజలు ఆమెవో నాకు తెలియలేదు.