తమ్ముడి గొంతు

మా పక్కింటి అత్త పోయిందన్న కబురు రాజాం బస్సు కండక్టరు తెచ్చాడు. శ్రీకాకుళంలో నేను పనిచేసే ఆఫీసు గుమ్మంలో నిలబడి, "ఎమ్మెల్యే గారి అప్ప పోనాది బాబూ" అన్నాడు. ఆమె తమ్ముడు ఆ పదవి పోగొట్టుకుని రెండేళ్లయింది. ఆ పదవి పోవడానికి ఆమె చెప్పిన ఒక్క మాట కూడా కారణం.

తల్లి లేని ఆ తమ్ముణ్ణి ఆమే పెంచింది. ఎమ్మెల్యే జీపు వస్తే ఊరంతా లేచి నిలబడేది. అత్త మాత్రం కూర్చున్న చోటు నుంచే కాళ్లు కడుక్కోమనేది. గుమ్మం ముందు ఎవరు నడిచినా "అంబలి తాగినావేటి?" అని అడిగేది. తాగలేదంటే కదలనిచ్చేది కాదు.

కరువులో ఊరికి గంజి కేంద్రం తెచ్చింది ఆ తమ్ముడే. ఆయన ఫొటోకి దండలు వేసినవాళ్లున్నారు. ఎన్నికల ముందు, ఆయన మీద నిలబడిన మిల్లు యజమాని ఊరి మధ్య మైకు కట్టించి ఒక టేపు వేయించాడు. ఎవరింట్లోనో అత్త తమ్ముడికి తెలియకుండా పట్టిన ఆయన మాటలవి. "కరువు బేగి పోతే మనకేటి లాభం? ఆకలుంటేనే ఆళ్లు మన గుమ్మంలో ఉంటారు." మధ్యలో ఒక దగ్గు, తర్వాత నవ్వు.

ఎవడో నాటకాలవాడు తన గొంతు అనుకరించాడని ఆయన అన్నాడు. ఊరు సగం నమ్మింది. చివరికి పెద్దలు ఆ టేపు పెట్టెను అత్త అరుగు మీదికి తెచ్చారు. తమ్ముడూ వచ్చి నిలబడ్డాడు. ఆమె ఒకసారి విని, మళ్లీ వెయ్యమంది. తర్వాత ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

"మా ఓడిదే. ఆ దగ్గూ ఆడిదే. కోరింత దగ్గు వొచ్చిన ఏడు నానే ఎత్తుకు తిరిగినాను."

"అప్పా" అన్నాడాయన. జీపెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మిల్లు యజమాని గెలిచాడు. కొద్దిరోజులకే గంజి కేంద్రం మూతపడింది. కొత్తాయన జీపు వచ్చినా ఎవరూ అరుగు దిగలేదు. ఆయన చెప్పినదానికి తలూపి, ఈయన తనింటికెళ్లి మన గురించి ఏమంటాడో అని నవ్వుకునేవారు. ఆ నవ్వులో కోపం కూడా మిగల్లేదు. అత్త మాత్రం తన పొయ్యి మీదే పెద్ద కుండ ఎక్కించింది. సెలవుకి ఊరెళ్తే మా అమ్మ నాకు పోసిన అంబలి ఆ కుండలోదే.

అలా చెప్పినందుకు బాధపడుతున్నావా అని అత్తను ఒకసారి అడిగాను.

"నిజిం సెప్పినాన్రా, దానికి బాద లేదు. ఆడి మాట ఇన్నాక మరెవుడి మాటా ఇనబుద్ది కాదు. అలిసిపోనాను."

నేను ఊరు చేరేసరికి ఆమె తమ్ముడు వచ్చి ఉన్నాడు. ఎవరూ లేవలేదు, ఎవరూ పొమ్మనలేదు. పాడె ముందు కొమ్ము ఆయనే పట్టాడు. దారి పొడుగునా వాసాల మీద గోగునార ఆరేసి ఉంది. ఆడవాళ్లు తడి నారను చేతులతో పక్కకి పట్టుకుని పాడెకు దారిచ్చి, మేం దాటాక మళ్లీ వదిలేశారు. ఒక నార పోగు ఆయన చొక్కా వీపుకి అంటుకుని, వాగొడ్డు శ్మశానం దాకా గాలికి ఊగుతూనే ఉంది.