తుడుచుకో అల్లుడూ

మాంసం కొట్టు మావయ్య దృష్టిలో లోకంలో పనులు రెండే రకాలు: తెగేవి, తెగనివి. ఎముక తెగిందా లేదా? బేరం తెగిందా లేదా? మధ్యలో ఎంత చెమట కారిందన్నది ఆయనకు పట్టని సంగతి. అలాంటి మనిషికి కూతురు ఏరికోరి ఒక బాక్సర్‌ను అల్లుడిగా తెచ్చింది. అదీ, ఒక్కసారైనా గెలవని బాక్సర్‌ను.

అల్లుడు పొద్దున్నే లేచి మైళ్ళకొద్దీ పరుగెత్తేవాడు, పగలు టైర్ల షాపులో పంచర్లు వేసేవాడు, సాయంత్రం జిమ్‌లో ఇసుక బస్తాను గుద్దేవాడు. పోటీ జరిగినప్పుడల్లా చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ఇంటికి వచ్చేవాడు. అతని విషయంలో అది సామెత కూడా కాదు, కన్ను నిజంగానే లొట్టపోయేది. జనం అతనికి ‘సున్నా’ అని పేరు పెట్టారు. మావయ్య గుమ్మంలో నిలబడి ఒకటే అడిగేవాడు: “గెలిచావా, ఓడావా?” జవాబు విని, “దెబ్బలు తినడానికి అంత దూరం వెళ్ళాలా అల్లుడూ? మన కొట్టుకొస్తే నేనే వేసేవాణ్ణిగా,” అని నవ్వేవాడు. కూతురు ముఖం మాడ్చుకునేది. అల్లుడూ నవ్వేవాడు, పగిలిన పెదవితో ఎంత వీలైతే అంత.

చివరికి ఒకరోజు మావయ్య తెగేసి చెప్పాడు. “ఈసారి ఓడితే ఆ గ్లవుజులు అటకెక్కాలి. కొట్టులో నా పక్కన నిలబడాలి. మాటేనా?”

“మాటే మావయ్యా.”

కూతురు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అవి అటకెక్కితే అతను బతికున్న శవమైపోతాడని ఆమెకు తెలుసు.

తాడోపేడో కళ్ళారా చూద్దామని మావయ్య మొట్టమొదటిసారి పోటీ జరిగే హాలుకు వెళ్ళాడు. తీరా చూస్తే కోచ్‌కు సాయం చేసే మనిషి జ్వరమొచ్చి రాలేదు. కోచ్ ఈయన భుజాలు చూసి ముచ్చటపడి బకెట్టు, టవల్ చేతికిచ్చాడు.

“రక్తమంటే భయం లేదుగా పెద్దాయనా?”

“నా బతుకే దాంతో నాయనా.”

టవల్ ఎందుకో కోచ్ చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతిని పని గట్టుకుని ఎవరు చెబుతారు?

గంట మోగింది. ఎదుటివాడు ఉక్కుముక్కలాంటి కుర్రాడు. వాడి గుద్దు పడిన చప్పుడు మావయ్యకు బాగా తెలిసిందే: పచ్చిమాంసం మొద్దు మీద పడే చప్పుడు. కానీ మొద్దు మీది మాంసం తిరగబడదు. అల్లుడు తిరగబడ్డాడు. పక్కటెముకల మీద రెండు తిని, వాడి కడుపులో ఒకటి దించాడు. ముక్కు చిట్లితే నెత్తురు చీది ముందుకే నడిచాడు. వాడు మూలకు తోసి ఎడాపెడా కొడుతుంటే, మోచేతుల సందులోంచి చూస్తూ వాడికి ఊపిరి ఎప్పుడు అందదా అని కాచుకున్నాడు. చివరికి నిజంగానే అందలేదు. అల్లుడి ఎడమచెయ్యి కిందినుంచి లేచి దవడకు తగిలింది. కుర్రాడి కాళ్ళు తడబడ్డాయి.

మావయ్య తాళ్ళ దాకా వచ్చేశాడు. ఇన్నేళ్ళూ గుమ్మం దాకా వచ్చింది చివరిమాట ఒక్కటే. దాని వెనక ఇంత ఉందని ఆయన ఏనాడూ అనుకోలేదు. సిగ్గేసింది. “కొట్టు అల్లుడూ! వదలకు!” అని హాలు దద్దరిల్లేలా అరిచాడు.

చివరి రౌండులో తలలు ఢీకొని అల్లుడి కనుబొమ్మ చీలింది. నెత్తురు రెండు కళ్ళలోకీ కారింది. అయినా గుడ్డిగా కొడుతూనే ఉన్నాడు, కుర్రాడు తాళ్ళ మీద వాలిపోతున్నాడు. ఇంకొక్కటి పడితే చాలు. మావయ్యకు మాత్రం ఆ నెత్తురొక్కటే కనబడింది. పాపం, బిడ్డకి కళ్ళు కనబడటం లేదు! చేతిలో టవల్ ఉండనే ఉంది.

“తుడుచుకో అల్లుడూ!” అని రింగులోకి విసిరాడు.

రిఫరీ చేతులూపి పోటీ ఆపేశాడు. టవల్ పడిందంటే ఓటమి ఒప్పుకున్నట్టే. ఎదుటివాడి చెయ్యి పైకి లేచింది, ఎందుకు లేచిందో ముందు వాడికే అర్థం కాలేదు. కోచ్ తల పట్టుకుని విషయం చెప్పాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మావయ్య అక్కడే కూలబడ్డాడు.

బయటికి నడుస్తుంటే కుర్చీల్లోంచి ఒకడు, “మళ్ళీ సున్నా! పిరికి సన్నాసి!” అంటూ సీసా విసిరాడు. అది అల్లుడి వీపుకు తగిలి పగిలింది. మావయ్య వాణ్ణి చొక్కా పట్టి ఇవతలికి లాగి ముక్కు మీద గుద్దాడు. ముక్కు విరిగింది. పక్కవాడు ఈయన చెంప పగలగొట్టాడు, మరొకడు నడుం మీద తన్నాడు. పన్ను ఒకటి ఊడి నేల మీద పడింది.

“టవల్ వేసింది నేనురా! మా అల్లుడు కాదు! రింగులో ఒక్క నిమిషం నిలబడండి రా, చూస్తాను!” నెత్తురు ఉమ్ముతూ అరుస్తున్న మనిషిని అల్లుడే నడుం పట్టి బయటికి ఈడ్చుకొచ్చాడు.

“ఏంటి మావయ్యా ఇది, ఈ వయసులో?”

“నీకోసం కాదులే. వాడి ముక్కు నాకు నచ్చలేదు.”

గుమ్మంలో కూతురు రెండు వాచిన ముఖాలనూ మార్చి మార్చి చూసింది. పోటీకి వెళ్ళిందెవరో తేల్చుకోలేకపోయింది. “గెలిచారా, ఓడారా?”

“ఓడిపోయాను,” అన్నాడు అల్లుడు. “కళ్ళు కనబడలేదు. నేనే టవల్ వేయమన్నాను.”

ఆ రోజు తిన్న దెబ్బలన్నిటికంటే ఆ మాట మావయ్యకు గట్టిగా తగిలింది. “అబద్ధం. గెలిచేవాణ్ణి చేతులారా నేనే ఓడించానమ్మా,” అన్నాడు. ఆపైన మొదటి గంట నుంచీ ఒక్కో దెబ్బా వర్ణించి చెప్పాడు, మధ్యమధ్య లేచి గాలిలోకి గుద్దుతూ. చెబుతూనే సన్నకత్తి తెచ్చి, గొడవలో విప్పకుండా వదిలేసిన అల్లుడు గ్లవుజుల లోపల చుట్టుకున్న చేతిపట్టీలను చర్మానికి తగలకుండా కోసి తీశాడు. వేళ్ళ కణుపులు ఊదిపోయి నల్లబడ్డాయి.

అల్లుడు ఆ చేతుల వంక చూసుకున్నాడు. “మాటంటే మాటే మావయ్యా. రేపట్నుంచి కొట్టుకొస్తాను.”

మావయ్య కత్తి తుడిచి పక్కన పెట్టాడు.

“రా,” అన్నాడు. “కానీ పొద్దున్నే పరుగెత్తకుండా వచ్చావో, గుమ్మంలోనే కాళ్ళు విరగ్గొడతాను.”