తెర వెనక రెండడుగులు

నేల కొలవడం చాలా తేలికైన పని అని అందరూ అనుకుంటారు. పొడవు, వెడల్పు, ఒక గుణకారం. ఖాళీ గది అయితే నిజంగా అంతే. కానీ ఇన్నేళ్ల సర్వేయరు పనిలో నాకు ఖాళీ గది ఒక్కటీ తగల్లేదు.

శ్రీకాకుళంలో ఒక షాపు యజమాని ఉన్నాడు. అద్దెకిచ్చేటప్పుడు మెట్లు, మెట్ల కింద చెప్పులు విడిచే చోటు, గోడల మందం, ఆఖరికి సన్‌షేడ్ కింద రోడ్డువార నేల కూడా షాపులో కలిపేయమంటాడు. అదే షాపుకి పన్ను నోటీసు వస్తే మాత్రం, "అంతెక్కడున్నాది మేడమ్, సరిగ్గా సూడండి, ఇద్దరు నిలబడితే మూడోవోడికి సోటు లేదు" అంటాడు. ఒకటే షాపు, ఒకటే నోరు. ఇళ్లవాళ్లది ఇంకో తీరు. బీరువా జరపరు, బియ్యం డ్రమ్ము జరపరు. "అక్కడేటి ఉంటాది, గోడే కదా" అంటారు. ఆ గోడ ఎక్కడుందో తేల్చడానికే కదా నేను వచ్చింది. టేపు అవతలి కొస పట్టుకోమంటే ఫోన్లో మాట్లాడుతూ పట్టుకుంటారు. మధ్యలో అది బట్టలారేసే తాడులా వేలాడుతుంది. వేలాడే టేపు ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. అందుకే కాబోలు ఎవరూ గట్టిగా లాగరు.

ఈ విసుగంతా ఒకే ఇంట్లో, ఒకే పూటలో నా నెత్తిన పడింది విజయనగరంలో. కోట దగ్గర సందులో ఒక వీణ టీచరుగారి ఇల్లు. వాళ్ల తాతగారి కాలం నుంచి ఆ ముందు హాల్లోనే పాఠాలు. పిల్లలు సంగీతం పరీక్షకి కూర్చోవాలంటే ఆ బడికి గుర్తింపు కావాలట. గుర్తింపు కావాలంటే పాఠం చెప్పే గది లోపలి నేల మూడువందల చదరపు అడుగులకి తగ్గకూడదు, లైసెన్సు ఉన్న సర్వేయరు కొలిచి సంతకం పెట్టాలి. అది రాకపోతే పిల్లలు విశాఖపట్నం వెళ్లి ఇంకో బడిలో చేరాలి. ఆటో చార్జీకే వెనకాముందూ చూసుకునే ఇళ్ల పిల్లలు వాళ్లు. వెళ్లరు. వీణ మానేస్తారు. అంతే సంగతి.

టేపు అవతలి కొస టీచరుగారి తమ్ముడు పట్టుకున్నాడు. పట్టుకున్నాడంటే, వేళ్ల మధ్య పెట్టుకున్నాడు. రెండుసార్లు చెప్పాను. "బాబుగారూ, వదులుగా పట్టుకుంటే లెక్క పెరుగుతుంది, అది తప్పు లెక్క" అని మూడోసారి గొంతు పెంచి చెప్పాను. వెడల్పు పదమూడడుగులు. పొడవు ఇరవై రెండు. అక్కడ గోడ నుంచి గోడకి ఎర్రటి తెర అడ్డం. గుణిస్తే రెండువందల ఎనభై ఆరు.

"పద్నాలుగడుగులకి పిల్లల సదువు ఆపేస్తారేటి మేడమ్?" అన్నాడాయన. "మూడొందలని రాసీండి. ఎవుడొచ్చి కొలుస్తాడు?"

"నేనొచ్చి కొలిచాను కదండీ," అన్నాను.

తెర వెనక ఏముందని అడిగాను. సరస్వతీదేవి మందిరం. పెద్ద కర్ర మందిరం, ఆ మూల నుంచి ఈ మూల దాకా. తాతగారు పెట్టించిన రోజు నుంచి జరపలేదట. హాలుకి టైల్స్ వేయించినప్పుడు కూడా మేస్త్రి మందిరం పాదాల చుట్టూ టైల్స్ కోసి అతికించి చేతులు దులుపుకున్నాడు. అంతకుముందు ప్లాను గీసిన ఇంజనీరు కూడా భక్తిగా తెర దగ్గరే ఆగిపోయాడు. మందిరం వెనక గోడ ఆనుకుని ఉందో, జానెడు దూరంలో ఉందో, మధ్యలో దిమ్మె ఏదైనా కట్టారో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. బయటి నుంచి కొలిచి గోడ మందం తీసేద్దామంటే ఆ గోడకి కిటికీ లేదు, గుమ్మం లేదు. ఎంత మందమో ఎలా తెలుస్తుంది?

రూలు చెప్పాను. కట్టిన గోడైతే దాని చోటు నేలలో కలవదు. జరపగలిగే సామానైతే దాని కింద నేల కలుస్తుంది. బీరువాకైనా అమ్మవారికైనా ఒకటే రూలు. "కాస్త ముందుకి జరిపితే నేను వెనక గోడ దాకా కొలుస్తాను."

"జరపకూడదమ్మా," అన్నారు టీచరుగారు.

"ఎందుకని?"

తమ్ముడు అందుకున్నాడు. "మందిరం కదిపినోడి సేతిలో విద్య నిలవదని మా ఇంట్లో మాట. తాత సెప్పి పోనాడు."

నాకు ఒళ్లు మండింది. కొలవాలి గాని కొలవకూడదు. సంతకం కావాలి గాని గోడ చూపించరు. పొద్దున్నే బస్సులో నిలబడి వచ్చింది ఈ కథ వినడానికా? "అయితే రెండువందల ఎనభై ఆరే రాస్తాను. కొలవనిది నేను రాయను," అని టేపు చుట్టేశాను. సంచి జిప్పు కూడా లాగాను. టీచరుగారు తెర వైపు ఓసారి చూశారు. తర్వాత లోపలికి వెళ్లిపోయారు.

మళ్లీ వచ్చేసరికి ఆవిడ తలస్నానం చేసి ఉన్నారు. తడి జుట్టు ముడేసుకుని, తెర పక్కకి లాగి, తమ్ముణ్ణి పిలిచారు.

"ఆ పక్క పట్టరా."

ఆయన వెనక్కి తగ్గాడు. "నేను పట్టనక్కా. నువ్వూ వద్దు. నీకున్నది ఆ సెయ్యొకటే."

"పట్టకపోతే తప్పుకో."

నేను సంచి కింద పెట్టి రెండో వైపు పట్టుకున్నాను. పోవడానికి నా చేతిలో ఏ విద్యా లేదు. మందిరం కిర్రుమంటూ కదిలింది. వెనక ఎర్రటి పాత గచ్చు, కాలిన వత్తులు, ఎండిపోయిన పూల పొడి. ఆ తర్వాత శుభ్రంగా గోడ.

టేపు కొస ఆవిడ చేతికే ఇచ్చాను. గోడకి ఆనించి పట్టుకున్నారు. ఇవతల నా వేళ్లకి ఒక్కసారిగా బిగువు తగిలింది. రోజూ తీగలు బిగించే చెయ్యి అది. కాస్త వదిలితే లెక్క పెరుగుతుందని ఇందాక నేను అరిచినప్పుడు ఆవిడా విన్నారు. అయినా వదల్లేదు. ఇరవై నాలుగడుగులు.

"మూడువందల పన్నెండు," అన్నాను. "సరిపోయిందండీ."

"సూసారా, ఇందాకే రాసీమన్నాను కదా," అన్నాడు తమ్ముడు.

టీచరుగారు ఆ మాటలేవీ విన్నట్టు లేదు. చాప మీద కూర్చుని వీణ ఒళ్లోకి తీసుకున్నారు. తీగ మీటే ముందు తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. తాత మాట ఆవిడ నిజంగానే నమ్మారు. నమ్మే కదిపారు. చేతిలో పెన్ను పట్టుకుని సంతకం సంగతి మర్చిపోయి నిలబడ్డాను.

ఆవిడ పెద్ద కీర్తనేదీ వాయించలేదు. కొత్తగా చేరిన పిల్లలకి నేర్పే మొదటి సరళీ వరస, ఒకసారి పైకి, ఒకసారి కిందికి. చివరి తీగ మోత ఆగేదాకా తల వంచుకుని విన్నారు.

"చేతిలోనే ఉన్నాదమ్మా," అన్నారు.